నోరు తెరిచి పడుకో

తాతా,

ఈరోజు నువ్వు పోయిన రోజు. మదనపల్లె సమాధుల తోటలో నీ సమాధికి సున్నం వేయించి వచ్చాను. కానీ నీకు చెప్పాల్సిన సంగతి వేరే.

నువ్వు చూడని నా కూతురు గ్రేసు నేవీలో చేరింది. మూడు నెలల కిందట దాన్ని ఒక దీవికి పంపారు. తెల్లవాళ్ల కాలంలో జరిగిన యుద్ధంలో నువ్వున్నది కూడా ఆ దీవిలోనే. ఓడలు దూరం నుంచి గుండ్లు కురిపిస్తుంటే ఇసుకలో బోర్లా పడుకున్నానని ఒక్కసారే చెప్పావు.

పుంగనూరు దారిలోని క్వారీలో రాళ్లు పేల్చే ముందు సైరన్ మోగితే చాలు, నువ్వు అన్నం పళ్లెం వదిలేసి నేల మీద పడుకొని నోరు తెరిచేవాడివి. "నోరు తెరుసుకోని పండుకో పాపా. మూసుకుంటే సెవులు పగిలిపోతాయి" అనేవాడివి. బడిలో నీలా పడుకొని చూపించి అందర్నీ నవ్వించేదాన్ని.

నిన్న గ్రేసు ఫోన్ చేసింది. ఎప్పుడూ ఏం కూర అని అడిగేది, నిన్న అడగలేదు.

"మా, ఈడ దినామూ ప్రాక్టీసు చేయిస్తాండారు. సైరన్ మోగితే బోర్లా పండుకోవాలంట. నోరు తెరుసుకోవాలంట. యాలో తెలుసా నీకు?"

ఎందుకో తెలుసన్నాను.

ఇందాక మన క్వారీ సైరన్ మోగింది. ఇంట్లో నేనొక్కదాన్నే. పొయ్యి ఆర్పి, వంటింటి నేల మీద బోర్లా పడుకొని నోరు తెరిచాను. పేలుడు అయిపోయినా మూసుకోబుద్ధి కాలేదు తాతా.