నరేశ్‌ను టీమ్‌లోకి తీసుకున్న రోజు

శుక్రవారం రాత్రి, నిజ్వా, ఒమన్

ఈ రోజు కూడా ఓడిపోయాం. మా కార్మికుల క్యాంపు హాకీ టీమ్‌కి ఇది వరుసగా నాలుగో ఓటమి. కోచ్‌ని నేనే కాబట్టి మెస్‌లో తిట్లన్నీ నాకే. గుమ్మం దగ్గర నేను చేతులు కడుక్కుంటున్న సంగతి లోపల తింటున్నవాళ్లు గమనించలేదు.

"పక్క క్యాంపుల నరేశ్ అని కొత్తగ వచ్చిండు. కాలేజీ టీమ్‌ల ఆడిండట. ఇంకా ఏ టీమ్‌ల చేరలేదు. వాన్ని తీస్కోరాదు?" అన్నాడు వెల్డర్ మల్లేశ్.

"ఎట్ల తీస్కుంటడు? గంగారాం అన్నను పక్కకు పెట్టాలె కదా. రూమ్ దోస్తాయె," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

ఆ నవ్వు తట్టుకోలేకపోయాను. అటునుంచి అటే పక్క క్యాంపుకి వెళ్లి, నరేశ్‌ను ఒప్పించి, మా టీమ్‌లో పేరు రాసుకుని వచ్చాను.

తర్వాత రూమ్‌లో గంగారాం అన్నకి చెప్పాను. ఆరేళ్లుగా నా పక్క మంచం ఆయనదే. ఈ టీమ్‌ని మొదలుపెట్టిందీ ఆయనే. మోకాలికి నూనె రాసుకుంటూ మొత్తం విన్నాడు.

"మంచిగ ఆడుతడా?" అని మాత్రం అడిగాడు.

"మస్తు ఆడుతడన్నా," అన్నాను.

సరేనని తల ఊపి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు. అన్నకి వయసు మీద పడుతోందని, ఎప్పటికైనా ఇది తప్పేది కాదని నాకు నేనే చెప్పుకుంటున్నాను. కానీ నరేశ్ ఆడుతుంటే నేను ఇంతవరకు ఒక్కసారి కూడా చూడలేదు.