బొట్టు పెట్టిన బండి

రైసూత్, ఒమన్, 12-3-91

రాజవ్వకు, నేను క్షేమం. సెలవు మీద వచ్చిన రఘుపతి నిన్ను భయపెట్టాడని రాశావు. రోడ్డు సైటులో పాత యుద్ధం నాటి మందుపాతర దొరికిన మాట నిజమే కానీ, మేమెవరం దగ్గరికి పోలేదు. మిలిటరీ వాళ్లు మనిషి ఎక్కని చిన్న బండిని పొడుగు తీగతో దూరం నుంచే నడిపించారు. పాతర పక్కన పేలుడు మందు పెట్టి రావడం దాని పని. కదిలే ముందు నువ్విచ్చిన కుంకుమతో దానికి బొట్టు పెట్టాను. ఒమనీ సార్జంట్ ఇదేమిటని అడిగితే, క్షేమంగా తిరిగిరావాలని పెడతామని హిందీలో చెప్పాను. బండి తిరిగొచ్చాకే పాతర పేలింది.

చిన్నదానికి దగ్గు తగ్గిందా? బోరు మోటారు బాగు చేయించావా? అత్తకు దండాలు.

నిన్న సార్జంటే పిలిచి, “నర్సింగ్, బొట్టు లావ్” అని తెమ్మన్నాడు. రఘుపతితో కుంకుమ పంపు. పొట్లం పెద్దదే కట్టు.

నీ నర్సింగ్