మేస్త్రి అడిగిన జోడీ

మన రాజు వాళ్ల నాయనా,

నిన్ను మట్టిల పెట్టి నేటికి ఏడాది. మళ్ల మట్టిపనులు మొదలైనయని, కూలోళ్లను తీస్కపోనీకి ఇయ్యాల మేస్త్రి మన పెద్దమందడికి వచ్చిండు. మొగుడు పెండ్లాలు జోడీగ వస్తెనే పేర్లు రాసుకుంటడని నీకు ఎర్కనే. నన్ను చూసి, "మట్టి తవ్వేటోడు లేకుంటె నీ తట్ట ఎవరు నింపుతరక్కా?" అన్నడు.

మన రాజు డిగ్రీ పాసైండు. ఇంటర్వ్యూల ఉద్యోగానికి తీసుకున్న కంపెనీవాళ్లు, "మార్కెట్ జర కుదుటపడనీ, పిలుస్తం" అని ఎనిమిది నెలల సంది అంటనే ఉన్నరు. వాడు డ్యూటీకని కొనుక్కున్న బూట్లు ఇంకా డబ్బాలనే ఉన్నయి.

మేస్త్రి లేస్తుంటె వాడే ఎదురుపోయి, "మా అమ్మకు జోడీ నేనొస్త, రాసుకో కాకా" అన్నడు.

ఒద్దురా అందామనుకున్న. అనుకుంటనే, అటక మీదున్న నీ పార నేనే తీసిచ్చిన.