ట్రైలర్ తగిలించే ముందు

ఏమండీ, ట్రైలర్ తగిలించే కొక్కెం, అదే కారు వెనక మీరు నిన్న బిగించిన హిచ్, దాని బోల్టులు నాలుగూ వదులైపోయాయి. కారు కింద పడున్న స్పానర్ పెట్టి చూస్తే ఒంటిచేత్తోనే తిరిగాయి. మధ్యాహ్నం వదిన సామానుతో ట్రైలర్ తగిలించే ముందు పెద్ద రెంచితో గట్టిగా బిగించండి. హైవే మీద ఊడిందంటే వెనక వచ్చేవాళ్ళ గతేం కాను?

మొదట మిమ్మల్నే తిట్టుకున్నాను. బరువుకు తగ్గ హిచ్ కోసం కొట్లన్నీ గాలించిన మనిషి, బిగించే దగ్గర బద్ధకించాడనుకున్నాను. నా గొణుగుడు విని మామయ్యగారు కాఫీ కప్పు కింద పెట్టేశారు.

మీరు బిగించేటప్పుడు ఆయన్ని లోపలికి పంపకండి, టార్చి పట్టుకోమనండి. నిన్న మీరు "నీకెందుకు నాన్నా, వెళ్ళి పడుకో" అన్నారు చూడండి, ఆ మాట ఆయనకి గట్టిగానే తగిలింది.

బస్సు టైమైంది. ఆయన చెప్పింది చెప్పినట్టు ఈ చీటీ అడుగున ఇరికిస్తున్నాను:

"వాడు సరిగ్గా బిగించాడో లేదోనని నేనే విప్పానమ్మా. స్పానర్ని కాలితో తన్ని విప్పాను, చేతులతో మళ్ళీ బిగించాను. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాను. అంతకంటే తిరగలేదు."