నేను నడుస్తుంటే బస్సు ఆపవద్దని మనవి

పోతాయికుంట,
మార్చి 2006.

డిపో మేనేజరు గారి సముఖమునకు,

శామీర్‌పేట మండలం పోతాయికుంట వాస్తవ్యురాలు, మేడ్చల్ పోవు దారిలోని కోళ్ళ దాణా మిల్లులో లెక్కలు వ్రాయు సుచిత్ర సమర్పించుకొన్న అర్జీ.

విషయం: మా ఊరి పొద్దుటి బస్సును దారిలో నన్ను చూచి ఆపకుండునట్లు డ్రైవరు గారికి ఉత్తర్వులిప్పించుట గురించి.

అయ్యా,

బస్సు ఆగుట లేదని తమకు దినమూ అర్జీలు వచ్చుచుండును. ఇది ఆగుచున్నదని వ్రాసిన అర్జీ. తమరు కళ్ళజోడు తుడుచుకొని మరల చదువనక్కరలేదు, పొరపాటేమీ లేదు.

1. నా వయస్సు ఇరువది ఆరు. రెండేండ్ల నుండి నాకు నెలసరి సక్రమముగా వచ్చుట లేదు. బరువు మాత్రము సక్రమముగా పెరుగుచున్నది. మేడ్చల్‌లో డాక్టరమ్మ తారాబాయి గారు స్కానింగు, రక్తపరీక్షలు చేయించి, దీనిని పి.సి.ఓ.ఎస్. అందురని సెలవిచ్చినారు. అండాశయములలో చిన్న చిన్న నీటి బుడగల వంటివి నిలిచి, నెలనెలా విడుదల కావలసిన అండము విడుదల కాకుండుట దీని లక్షణము. ఒక డిపో మేనేజరు గారికి నా అండాశయముల సంగతి వ్రాయవలసి వచ్చునని నేను కలలో కూడ అనుకొనలేదు. కాని ఈ పేరా లేనిదే తరువాతి పేరాలకు అర్థము లేదు. తమరు కొంచెం ఓర్చుకోవాలి.

2. మొదట గోలీలు వాడితిని. వాడినన్ని నాళ్ళు నెలసరి వచ్చినది, మానగానే అదియు మానినది. మరల పోగా డాక్టరమ్మ ఇట్లన్నారు: "గోలీలు నేను రాస్తనే ఉంట. గని నువ్వు నడువక, తిండి మార్చక, టైముకు పండుకోకపోతే గోలీ ఒక్కటే ఏం జేస్తది? నీ ఒంట్ల ఇన్సులిన్ మస్తుగున్నది, ఒళ్ళే దాని మాట ఇంటలేదు. ఉన్న బరువుల కొంచెం దిగినా సాలు, నెల దారికొస్తది. ఇడిసిపెడితే రేపు షుగరొస్తది." షుగరనగా ఏమో నాకు తెలియును. మా అవ్వకు కాలు తీసివేసినారు. ఆమె మంచము పక్కనే నేను పెరిగినాను. నా షుగరు ఇప్పటికే గీత మీద ఉన్నదని రిపోర్టులో ఉన్నది. నాకు భయముగా ఉన్నది. దీనిని ఆఫీసు భాషలో ఎట్లు వ్రాయవలెనో తెలియలేదు.

పైగా మా మిల్లుకు వచ్చు ఫారం వాండ్లు తల్లికోళ్ళకు మేత తూచి పెట్టుదురు. ఇష్టమొచ్చినంత పెట్టినచో కొవ్వు పట్టి గుడ్డు సరిగ్గా పెట్టవందురు. ఈ ముక్క ఆరేండ్లుగా వినుచు, కుర్చీలో కూర్చుండి మిర్చీబజ్జీలు తినుచున్నది నేనే.

3. తిండి మార్చితిని. అన్నము సగమైనది, జొన్నరొట్టె వచ్చినది, పప్పు, ఆకుకూర, గుడ్డు పెరిగినవి, చాయ్‌లో చక్కెర పోయినది. మా అమ్మ సత్యమ్మ ఇందుకు ఒప్పుకొనక "ఎవలన్న జూస్తె నేను తిండి పెడ్తలేననుకుంటరు" అని గొణుగుచునే రొట్టెలు చేయుచున్నది. ఈ తగాదాలో తమ శాఖకు సంబంధము లేదు. తరువాతి దానిలో ఉన్నది.

4. నడక కొరకు మిల్లుకు బస్సు మాని కాలినడకన పోవ నిశ్చయించితిని. ఊరి మొదట నున్న కమాన్ ద్వారము దాటి, ద్రాక్షతోటల పక్క నుండి మంచి దారి. సగము దూరము పోవుసరికి వెనుక నుండి బస్సు వచ్చును. దానిని నడుపువారు మా ఊరి సిద్దిరాములు గారు. నాకు వరుసకు కాక, అనగా చిన్నాయన. నాకు ఉద్యోగము వచ్చిననాడు మా అమ్మ ఆయనకు చల్ల పోసి, "మరిదీ, నా బిడ్డ రోడ్డు మీద కనబడితే ఇడిసి పోకు" అని మాట తీసుకొన్నది. ఊరి ఆడబిడ్డ ఎండలో నడుచుచుండగా ఖాళీ సీటుతో బండి ముందుకు పోనిచ్చుట ఆయన దృష్టిలో దొంగతనము కన్న హీనము.

కావున బస్సు ఆగును. నేను రానందును. ఆయన "కోపమా బిడ్డా, ఇంట్ల ఎవలన్న ఏమన్నరా" అని అడుగును. నేను నడిచెదను. బస్సు నా పక్కనే, నా నడక వేగముతో, మొదటి గేరులో రాసాగును. కిటికీలలో నుండి ఊరంతా నన్ను చూచును. పాలక్యాన్ల వాండ్లు, పరీక్షకు పోవు పిల్లలు, పెండ్లికి పోవువారు అందరు కలిసి "ఎక్కరాదమ్మా, పరేషాన్ జేస్తున్నవ్" అందురు. సిగ్గుతో ఎక్కెదను. టికెట్టు కూడ కొనవలెను.

5. వేరే వేళలో నడువరాదా అని తమరు అడుగవచ్చును. ముందు పోదామన్న నల్లా అప్పుడే వచ్చును, నీళ్ళు పట్టక ఇల్లు కదలుటకు వీలులేదు. బస్సు పోయినాక బయలుదేరిన మిల్లుకు ఆలస్యము. సాయంత్రము మిల్లు మూయువేళకు చీకటి. రెండవ దారిలో కంకర టిప్పర్లు. ఊరిలోనే తిరుగుదామన్న "ఏం పోగొట్టుకున్నవ్" అని వెదకుటకు నలుగురు వెంట వచ్చిరి.

6. నడకతో లాభమున్నదా అన్నచో, రుజువున్నది. చలికాలములో సిద్దిరాములు గారి కాలు విరిగి, రెండు నెలలు సెలవు పెట్టిరి. బదులు వచ్చిన డ్రైవరు నన్ను చూచి హారన్ కొట్టి వెళ్ళిపోయెడివాడు. ఆ రెండు నెలలు దినమూ నడిచితిని. గోలీ లేకుండా నెలసరి వచ్చినది. బాత్రూములో కూర్చుండి ఏడ్చాను సార్, సంతోషంతో. పిమ్మట ఆయన కోలుకొని డ్యూటీలో చేరిరి. నా నడక, దాని వెంట నెలసరి, రెండును ఆగిపోయినవి. ఆయన కాలు మరల విరిగితే బాగుండునని అనుకొన్న రోజులు కూడ ఉన్నవి.

7. సిద్దిరాములు గారికి నేరుగా చెప్పరాదా అన్నచో, నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి ముందు నెలసరి అన్న మాట నా నోట రాదు. తమరు నేనెరుగని వారు గనుక తమకు వ్రాయగలిగితిని.

కావున ఆయనకు ఏ శిక్షయు లేకుండ, నన్ను చూచినపుడు బస్సు ఆపరాదని మాత్రము ఆజ్ఞాపింపవలెననియు, ఒక ఆడకూతురు నడకను తమ చల్లని చేతులలో పెట్టినట్లు చిత్తగింపవలెననియు ప్రార్థించు

తమ విధేయురాలు,
సుచిత్ర

తా.క.: పై అర్జీ రాసి మూడు వారాలైంది. స్టాంపు అంటించిన కాగితం పాడుచేయడం ఇష్టం లేక వెనకవైపు రాస్తున్నాను. ఆఫీసు భాష ఇక నా వల్ల కాదు.

రాసిన రోజే దీన్ని ఇవ్వడానికి డిపోకు వచ్చాను. గుమస్తా పట్టాభిరామయ్య గారు మొత్తం చదివి, "ఇది రిజిస్టర్ల ఎక్కితే సిద్దిరాములుకు మెమో పోతదమ్మా. ఇన్నేండ్ల సర్వీసుల ఆయన మీద మచ్చ లేదు" అన్నారు. కాగితం వెనక్కి తీసుకున్నాను. ఇక నేనే నోరు విప్పాలి.

బస్టాండులో కాక చాయ్ తాగుతున్నాడు. పక్కన కూర్చుని, ఆయన మొహం చూడకుండా అంతా చెప్పేశాను. "నా మందు నడకనే కాకా. నువ్వు బండాపినప్పుడల్లా అది ఒలికిపోతాంది" అన్నాను.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత "మా రోజాకు గూడ గిట్లనే ఉన్నది బిడ్డా" అన్నాడు. రోజారాణి ఆయన కూతురు. డిగ్రీ మధ్యలో మానేసింది. చదువు ఎక్కలేదని ఊరంతా అనుకున్నాం. గడ్డం మీద వెంట్రుకలకు సిగ్గుపడి గడప దాటడం లేదని నాకు అప్పుడే తెలిసింది. "ఒళ్ళు పెరుగుతాందని మేం తిడతం, అది ఏడుస్తది. గిది రోగమని మాకేం ఎరుక" అంటూ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

మర్నాడే రోజాను డాక్టరమ్మకు చూపించాం. అదే జబ్బు, అదే మాట. ఒంటరిగా అయితే నడవదట, నాతో అయితే సరేనంది. కానీ పిల్లకు ఆయాసం, దారి మొత్తం నడవలేదు. అందుకని బస్సు నన్ను దాటిపోయి మిల్లుకు కొంచెం ఇవతల ఆగుతోంది. రోజా దిగి నేను వచ్చేదాకా అక్కడ ఉంటుంది. బస్సు వెళ్ళిపోతుంది. నన్ను ఎవరూ ఎక్కమనడం లేదు. మేమిద్దరం నడుస్తాం, అదే బస్సు తిరిగొచ్చేటప్పుడు ఆమె ఇంటికి పోతుంది.

ఇది తమ రూటులో లేని స్టాపు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే కాకకు మెమో ఇవ్వవద్దని ఇప్పుడు నా మనవి. స్టాపు ఎక్కడో రాయకపోతే అర్జీ చెల్లదని పట్టాభిరామయ్య గారు అంటున్నారు. ఎక్కడని రాయను సార్? మొదటి రోజు మిల్లు గేటు కనిపించే చోట దిగింది. పోయిన వారం కల్వర్టు కాడ. నిన్న ద్రాక్షతోట కాడ. స్టాపు రోజురోజుకూ మా ఊరి వైపు జరుగుతోంది. అది కమాన్ దాకా వచ్చిన రోజున రోజా బస్సే ఎక్కదు. అంతవరకు ఆపనివ్వండి.