కోడలి వంతు కండ

23 మార్చి 1958, ఆదివారం, కర్నూలు

ఎల్లుండి సుంకులమ్మ తల్లికి పొట్టేలు. పోయినేడు మహాదేవి కాలిపుండుకు పెన్సిలిన్ సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోయింది. నా పెళ్లాం నా చేతుల్లోనే పోయినంత పనయింది. కోడలు బతికితే పొట్టేలును కోసి, తొలిముక్క ఆమెకే తినిపిస్తానని అమ్మ అప్పుడే మొక్కింది. ఆ పొట్టేలును మేపింది మహాదేవే. నాకంటే దానికే ముందు తిండి పెట్టేది!

25, మంగళవారం

కోత అయింది. కూరకు మసాలా నూరుతూ అమ్మ సంబరంగా చెప్పింది. పొట్టేలు కుంటిందట. కుంటిది అమ్మవారికి పనికిరాదని నేను ల్యాబ్‌లో పనిచేసే పశువుల ఆస్పత్రి కాంపౌండరు అయ్యన్నతో సూదులు వేయించిందట, నిన్న కూడా. ఏం మందని అడిగాను. ‘పాల మాదిరి తెల్లగా ఉండాది. నీకు చెప్తే వద్దంటావని చెప్పలేదప్పా’ అంది.

మా ఆస్పత్రిలో పాలలా తెల్లగా ఉండే సూదిమందు ఒకటే. అది పెన్సిలినే.

నిన్నటి మందు ఇంకా కండలో ఉంటుంది, మేం తింటే ఏం కాదు, మహాదేవి ముట్టకూడదు అన్నాను. అమ్మ ఏడ్చింది. ‘మొక్కు తప్పితే అమ్మవారు ఊరకుంటాదా? మళ్లా పిల్లనే పట్టుకుంటే యాడికి పోవల్ల?’ అంది. చివరికి మహాదేవే దారి చెప్పింది. తన వంతు కండకు ఉప్పు పట్టించి ఎండేసింది. ల్యాబ్‌లో చూసి చెప్పు, అప్పుడు తింటా అంది.

26

ఆ కండలోంచి చిన్న ముక్క కోసి నూరి, వడగట్టి, ఆ రసం చుక్క ఫిల్టర్ పేపరు మీద పెట్టాను. పక్కన అసలు పెన్సిలిన్ చుక్క. జాడీలో వేలాడదీస్తే అడుగునున్న ద్రవం కాగితంలో పైకి పాకుతూ ఒక్కో పదార్థాన్ని ఒక్కో ఎత్తులో వదిలేస్తుంది. మా డాక్టరుగారు మద్రాసులో నేర్చుకొచ్చిన పద్ధతి.

అమ్మ ల్యాబ్‌కు క్యారియర్ తెచ్చి, జాడీకి దణ్ణం పెట్టింది. నవ్వబోయాను. నవ్వు రాలేదు.

27

ఆ కాగితాన్ని క్రిములు చల్లిన ప్లేటు మీద పరిచాను. పెన్సిలిన్ ఉన్నచోట క్రిమి మొలవదు. అంతా మొలవాలి, తల్లీ.

28, శుక్రవారం

ప్లేటంతా మొలిచింది, రెండు గుండ్రాలు తప్ప. రెండూ ఒకే ఎత్తులో. ఒకటి సీసాలోది, ఒకటి మా పొట్టేలుది.

ఇంట్లో చెప్పాను. అమ్మ అన్నం ముట్టలేదు. ఆమె మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ జాలే వచ్చింది.

30

అమ్మ ఆ ఎండుకండను నిప్పుల మీద కాల్చి, సుంకులమ్మ ముందు కూర్చుని తానే తినింది. పళ్లు లేవు, శానాసేపు నమిలింది. ‘మొక్కింది నేను. పట్టుకుంటే నన్ను పట్టుకో’ అంది.

మహాదేవి నీళ్లచెంబుతో పక్కనే నిలబడింది.