కుట్టిన గుడారంలో కాసేపు

మార్చి 9. పొద్దున్నుంచి ముసురు. గుడారం చిరుగులు కుట్టడం ఇప్పుడే ముగించాను.

అక్కకు, నేను క్షేమం. మంచుకొండ ఎక్కించే గైడుకు మొత్తం డబ్బు ఇచ్చుకోలేనన్నాను. "నా గుడారాలు బాగుచెయ్యవయ్యా టైలరూ, సగానికే తీసుకెళ్తా. కానీ ఇంట్లోవాళ్ళు సరేనని కార్డు రాయాలి. చెప్పకుండా వచ్చేవాణ్ణి నా తాడుకు కట్టుకోను" అన్నాడు. కుట్టిన గుడారాన్ని కొట్టు ముందు వానలో వేసి, అందులో కాసేపు కూర్చున్నాను. గుడ్డ మీద చినుకులు పడుతుంటే మంచు రాలుతున్నట్టే ఉంది. కొట్టు గోడలు ఎటో వెళ్ళిపోయాయి.

బావ దగ్గు తగ్గిందా? ఆయన పాత ఉన్ని కోటు పంపగలవా? పిల్లలకు ఆశీస్సులు. "ఈ వయసులో కొండలేంట్రా నీకు" అంటావని తెలుసు. కార్డు నిండా తిట్టు, పరవాలేదు. అడుగున మాత్రం కాస్త చోటు ఉంచి సరే అని రాయి. గైడు ఆ ఒక్క మాటే చూస్తాడు.